పిల్లాడు ఏం కావాలో చెప్పే హక్కు: మన తాతలకి లేనిది



నూజివీడు తోటల్లో మామిడి కోతలు సాగే రోజుల్లోనే పదో తరగతి రిజల్ట్స్ వస్తాయి. తోట కూలికి పోయే ఇళ్ళల్లో అప్పుడు ఒకటే మాట: "మార్కులొస్తే ట్రిపుల్ ఐటీ, లేకపోతే ఏదో ఒక గవర్నమెంటు ఉద్యోగం." అమ్మానాన్నలకి ఏమీ తెలియక అలా అంటారని చాలామంది అనుకుంటారు. కానీ దాని వెనక చరిత్ర ఉంది.

మన ఎరుకల వాళ్ళనే తీసుకోండి. ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళ వెంట తిరిగే పని నేర్చుకునేవాళ్ళు. రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. ఆ పైన నేరస్త జాతుల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్ళని ఆ జాబితాలో పెట్టి పోలీసుల దగ్గర హాజరు వేయించారు. 1897 సవరణతోనే 4 నుంచి 18 ఏళ్ళ మగపిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. పిల్లల్ని విడదీసే ఆ అధికారం 1911 చట్టంలోనూ ఉంది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడివాళ్ళని చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పింది ఇంటి పెద్ద కాదు, సెటిల్‌మెంటు మేనేజరు. ఆ చట్టం దేశమంతటా పూర్తిగా పోయింది 1952 ఆగస్టు 31న.

అంటే, బిడ్డ ఏం చదవాలో చెప్పే హక్కు మన ఇళ్ళకి దక్కి రెండు మూడు తరాలే అయింది. తాత పేరు పోలీసు రిజిస్టర్లో ఉన్న ఇంట్లో, మనవడి పేరు జీతాల రిజిస్టర్లో ఉండాలని కోరుకోవడం తెలివితక్కువ కాదు.

2008లో ఆర్జీయూకేటీ పెట్టాక నూజివీడు పేరు ఆ కోరికకి గుర్తయింది. పల్లెటూరి పిల్లలకి పదో తరగతి మార్కుల మీదే సీటు. రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్. మంచి దారే. కానీ పదిహేనేళ్ళకే ఇంజనీరింగ్ ఖాయమైపోతుంది. నర్సింగ్, వ్యవసాయం, లా, టీచర్ ట్రైనింగ్ మాట ఇంట్లో రానే రాదు. ఎందుకంటే ఆ దారిలో వెళ్ళినవాళ్ళు ఆ ఇంటికి తెలీదు.

ఇది మనం చెయ్యగలిగిన పని. హాస్టల్లో సీనియర్లు మనకి చెప్పినవి అమ్మానాన్నలకి చెప్పేవాళ్ళు లేరు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు పదో తరగతి పిల్లలున్న ఒక్క ఇంటికైనా వెళ్దాం. పిల్లాడికి ఒక్కడికే కాదు, అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెట్టి, మన భాషలో అన్ని దారులూ చెబుదాం. ఆ తర్వాత నిర్ణయం వాళ్ళే కలిసి తీసుకుంటారు.

మీ తాతల నాటి సంగతులు తెలిస్తే ఇక్కడ రాయండి.