గోలు కొట్టనివారి చరిత్ర

అమెరికాలో చదువుకొంటున్న మా మనుమడు మొన్న ఫోనులో ఒక మాట చెప్పాడు. వాని విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టు శిక్షకుడు దేశమంతా గాలించి గార్డులను తెస్తున్నాడట. బంతిని బుట్టలో వేసేవానికన్న ఎదుటివానిని వేయనీయనివాని కోసమే ఆయన వెదుకులాట ఎక్కువట. "తాతయ్యా, మన వైపు ఇలా వెదికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

మా కర్దనూరులో గార్డు అనే మాటకు అర్థం వేరు. పటాన్‌చెరు చుట్టుపక్కల కర్మాగారాల గేటు వద్ద రిజిస్టరు పట్టుకొని కూర్చుండేవాడు గార్డు. అటువంటివారిలో ఒకడు నా పూర్వ శిష్యుడు. వాని సంగతి తరువాత చెబుతాను. మనుమని ప్రశ్నకు నాకు వెంటనే స్ఫురించిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన ఆట ఫుట్‌బాల్. 2024లో వచ్చిన 'మైదాన్' చిత్రం చూసినవారికి పేరు తెలిసే ఉంటుంది. సినిమాలకు గోలు కావాలి గనుక, గోలు పడకుండా ఆయన చేసిన ఏర్పాట్లను గురించి నేను రాస్తాను.

రహీం నావలె బడిపంతులు. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో పట్టం పుచ్చుకొని, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలల్లో పనిచేశాడు. 1943 నుండి కడదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో నగర పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ యేడే డ్యూరాండ్ కప్పులో మోహన్‌బగాన్‌ను ఓడించారు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే.

ఇందులో కిటుకు ఎంపికలో ఉన్నది. పోలీసు శాఖలో కొలువు అంటే బీదింటి పిల్లవానికి నెల జీతం, ఇంట్లో పొయ్యి వెలగడం. కాళ్ళలో సత్తువ ఉండి చేతిలో పైసా లేని కుర్రవాడు నిశ్చింతగా ఆడగలిగేది అప్పుడే. రహీం మైదానాల వెంట తిరిగి పిల్లలను చూసేవాడు. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్‌ను అలాగే కనిపెట్టాడు. ఎంపికకు రమ్మంటే, అంత దూరం రావడానికి సైకిలు లేదన్నాడట ఆ అబ్బాయి. అద్దె సైకిలుకు డబ్బు రహీమే ఇచ్చాడు. ఈ ముచ్చటను బలరామ్ పెద్దవాడైన తరువాత తానే చెప్పుకొన్నాడు. 2023లో ఆయన కన్నుమూసినప్పుడు పత్రికలు కూడా దీనిని తలచుకొన్నాయి.

శిక్షణలో రహీం పెట్టిన నియమాలు నాబోటి తెలుగు పండితునికి మహా సంబరం. ఎవరూ బంతిని తనవద్ద ఉంచుకొని ఎదుటివానిని తప్పించుకుపోరాదు, అందుకొన్నదే తడవుగా మరొకనికి అందించాలి అని ఒక పోటీ. వాటం లేని కాలితోనే ఆడాలి అని మరొకటి. పెదవులు తగలకుండా పలికే అక్షరాలతోనే కావ్యమల్లిన మన మరింగంటి సింగరాచార్యులు గుర్తుకు రావడం లేదూ? నిరోష్ఠ్యం రాసినవానికి ఆ తరువాత పలుకు కోసం తడుములాట ఉండదు. రెండు కాళ్ళూ స్వాధీనమైన రక్షకునికీ అంతే. ఏ పక్కనుండి వచ్చినా అతనిని దాటడం కష్టం.

అయితే ఆయనకూ పరాభవం తప్పలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా 10-1తో ఓడించింది. మనవారిలో ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడారు. అందరూ బూట్లను గురించే మాట్లాడారు, ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయినాయి కూడా. నాకు మాత్రం లోపం పాదాలకన్న పైన ఉన్నదనిపిస్తుంది. ఆనాటి పద్ధతిలో వెనుక ముగ్గురే రక్షకులు. ఎదుటి పక్షపు నడిమి ఆటగాడు కాస్త వెనక్కు జరిగితే, వానిని కాచేవాడు వెంటపోవాలా, ఉన్నచోట నిలవాలా? పోతే నడుమ ఖాళీ, నిలిస్తే వానికి స్వేచ్ఛ. 1953లో హంగరీ ఈ చిక్కునే సృష్టించి వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. దీనికి విరుగుడు వెనుక నాలుగో మనిషి. నలుగురు, ఇద్దరు, నలుగురు అనే ఈ కూర్పుతో బ్రెజిల్ 1958లో ప్రపంచ కప్పు గెలిచింది. మన దేశంలో ఈ కూర్పును నాటినవాడు రహీం.

1956లో మెల్బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా కొట్టిన మూడు గోళ్ళు అందరికీ జ్ఞాపకం.

ఇక 1962 జకార్తా. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయిలాండుతో ఆటలో రక్షకుడు జర్నైల్‌సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనుక నిలిపితే తలతో బంతిని ఆపలేడు. మరొకరైతే వానిని బెంచీమీద కూర్చోబెట్టేవారు. రహీం వానిని ముందుకు పంపాడు. రక్షకుణ్ణి దాడికి! సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ వాడు గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ రోజు గోలులో నిలిచిన పీటర్ తంగరాజు హైదరాబాదులో పుట్టినవాడే, సైన్యంలో చేరిన కొత్తలో ముందువరుసన ఆడి, పిదప గోలుకీపరైనాడు. ఎవనిని ఎక్కడ నిలపాలో తెలియడమే విద్య. అప్పటికే కేన్సరుతో ఉన్న రహీం 1963 జూన్ 11న మరణించాడు.

ఇక నా శిష్యుని సంగతి. ముప్పై యేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక పాఠశాలలో కబడ్డీ జట్టు ఎంపిక నాకు అప్పగించారు. కూతకు వెళ్ళి పాయింట్లు తెచ్చేవారినే ఏరాను. మూల నిలబడి చీలమండ పట్టితే వదలని ఈ పిల్లవాని పేరు జాబితాలో రాయలేదు. వాడేమీ అనలేదు. పదో తరగతితో చదువు ఆగింది.

పోయిన వారం వాని గేటు ముందు ఆగి, రహీం కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "సార్, గోల్ కొట్టినోళ్ళ పేర్లు చెప్పిన్రు. కొట్టనియ్యనోళ్ళ పేర్లు గూడ యాదికున్నయా?" అన్నాడు.

అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్‌సింగ్ అని చెప్పాను. ఇంతలో లారీ వచ్చి హారన్ కొట్టింది. వాడు రిజిస్టరు చంకన పెట్టుకొని గేటు తీయడానికి వెళ్ళాడు.