వేసవి గిరాకీ - మోటారు వంతు: తెలుగునాట విద్యుత్ భారం తగ్గింపు చరిత్ర

వ్యాససంగ్రహం:
ఎండలు ముదిరి విద్యుత్ డిమాండు గరిష్ఠస్థాయికి చేరినప్పుడు వాడుకను తగ్గించవలసింది ఎవరు? ఈ ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, విభజన తరువాతి రెండు రాష్ట్రాలలోనూ కాలక్రమంలో వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ భారం చాలాకాలం వ్యవసాయ మోటారుపై పడిందనీ, సమష్టి ప్రయోజనం కంటికి కనిపించినచోటనే స్వచ్ఛంద తగ్గింపు నిలిచిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గరిష్ఠ డిమాండు, పంపుసెట్లు, విద్యుత్ కోత, కెపాసిటరు, సమష్టి వినియోగం.

1. ప్రవేశిక:
ధాన్యాన్ని గాదెలో పోసినట్లు విద్యుత్తును పెద్ద మొత్తంలో నిలవచేయడం కష్టం. ఏ క్షణాన ఎంత వాడుక ఉంటే ఆ క్షణాన అంత ఉత్పత్తి జరగాలి. వాడుక మించితే గ్రిడ్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్ నుండి దిగజారుతుంది. అందువల్ల వేసవి నిర్వహణ కేవలం ఉత్పత్తికి సంబంధించిన సమస్య కాదు. ఎవరి వాడుకను, ఏ వేళ ఆపాలన్న నిర్ణయం కూడా. సాంకేతికంగా కనిపించే ఈ నిర్ణయానికి సామాజిక చరిత్ర ఉంది.

2. వంతుల విధానం:
1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు కాలంలో గ్రామీణ విద్యుదీకరణ విస్తరించింది. బావులు, ఆ తరువాత బోర్లు పెరిగేకొద్దీ పంపుసెట్ల భారమూ పెరిగింది. 1980ల తొలినాళ్లలో మీటరుకు బదులు హార్స్‌పవర్ లెక్కన స్థిర రుసుము వచ్చింది. దానితో మోటారు ఎంతసేపు ఆడినా బిల్లు ఒకటే అయింది. ఇక వాడుకను అదుపు చేయడానికి మిగిలిన సాధనం సబ్‌స్టేషన్‌లోని స్విచ్చి. గ్రామాలను వర్గాలుగా విభజించి, త్రీఫేజ్ సరఫరాను కొన్ని గంటలు పగలు, కొన్ని గంటలు రాత్రి వంతులవారీగా ఇచ్చారు.

గ్రిడ్ దృష్టిలో ఇది సమర్థమైన ఏర్పాటు. పంటకు నీరు రెండు గంటలు ఆలస్యమైనా ఓర్చుకోగలదు. సాయంత్రపు దీపం ఓర్చుకోలేదు. కాని అర్ధరాత్రి చేనికి వెళ్లే రైతుకు పాముకాటు, తడిచేతి విద్యుద్ఘాతం నిత్యభయాలయ్యాయి. నగరంలో ఫ్యాను ఆగకుండా తిరగడానికి రైతు చెల్లించిన ఈ మూల్యం డిమాండు నిర్వహణ లెక్కలలో నమోదు కాలేదు.

3. ధర మార్గం:
1998 సంస్కరణల చట్టం అనంతరం 1999లో బోర్డు విడిపోయింది. వాస్తవ వ్యయానికి దగ్గరగా ఛార్జీలు విధించడం సంస్కరణల ఆశయాలలో ఒకటి. ఛార్జీల పెంపుపై సాగిన ఉద్యమం 2000 ఆగస్టు 28న హైదరాబాదులోని బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు దారితీసింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. ధరను పెంచి సాగు వాడుకను తగ్గించే మార్గం రాజకీయంగా మూసుకుపోయింది. అయితే ఉచిత విధానానికి కొన్ని షరతులు జోడించారు: కెపాసిటరు అమర్చుకోవాలి, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపులు వాడాలి.

4. ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ సమష్టితనం:
ఈ షరతుల అమలు ఆశించినంతగా సాగకపోవడానికి రైతుల అజ్ఞానాన్ని కారణంగా చూపడం తేలిక. అసలు కారణం మరొకటి. కెపాసిటరు ఫలితం ఒక్క మోటారుకు పరిమితం కాదు. తీగలపై ప్రవాహం తగ్గి, ఆ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న అందరికీ వోల్టేజి మెరుగవుతుంది. ఒక్కడే అమర్చుకుంటే ఖర్చు అతనిది, అందే మేలు స్వల్పం, అదీ అందరి మధ్య పంచబడుతుంది. ఇరుగుపొరుగు అమర్చనప్పుడు తానెందుకు అమర్చాలన్న ప్రశ్న సహజం.

ఆటోస్టార్టరు విషయమూ ఇంతే. సరఫరా ఎప్పుడు వస్తుందో తెలియని చోట అది రైతును రాత్రి నడక నుండి కాపాడింది. కాని కరెంటు రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే, ప్రారంభంలో అవి లాగే ప్రవాహం మామూలుకన్నా అనేక రెట్లు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే రైతులు చందాలు వేసుకుని ట్రాక్టరులో మరమ్మతుకు తరలించేవారు. ఇద్దరు ముగ్గురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చే అధిక వోల్టేజి పంపిణీ పద్ధతి ఈ సమస్యను కొంత తగ్గించింది. భాగస్వాములు కొద్దిమందే కావడంతో అదనపు భారం ఎవరి వల్ల పడుతున్నదో తెలిసిపోతుంది. పరస్పర జవాబుదారీ ఏర్పడుతుంది.

5. 2012 సంక్షోభం:
2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్ కూలినప్పుడు, దానితో ఏకకాలికంగా అనుసంధానం కాని దక్షిణాది గ్రిడ్ సురక్షితంగా ఉంది. కాని ఆ విడితనమే ఇతర ప్రాంతాల నుండి తగినంత విద్యుత్తు తెచ్చుకోవడానికి అడ్డయింది. జలాశయాలలో నీరు, కృష్ణా-గోదావరి బేసిన్‌లో వాయువు తగ్గాయి. ఆ సెప్టెంబరులో నియంత్రణ మండలి పరిమితులు విధించింది. పరిశ్రమలకు విద్యుత్ విరామ దినాలు వచ్చాయి. వంతుల భారం కర్మాగార కార్మికుని వేతనం దాకా పాకింది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ మార్గం దక్షిణాదిని జాతీయ గ్రిడ్‌తో కలిపింది.

6. నగరం వంతు:
2018 జనవరి 1 నుండి తెలంగాణ వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభించింది. ఆటోస్టార్టర్లు తీసివేయమని రైతులను కోరవలసి వచ్చింది. కరెంటు ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకమే దాన్ని తీయించగల సాధనం. ఇంతలో వేసవి డిమాండులో ఏసీల వాటా పెరిగింది. 2024 మే 30న దేశ గరిష్ఠ డిమాండు సుమారు 250 గిగావాట్లకు చేరింది. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలుకావాలన్న నిబంధన 2020 జనవరిలో అమలయింది. 2023 కేంద్ర నిబంధనలు వేళనుబట్టి ఛార్జీల విధానాన్ని ప్రతిపాదించి, వ్యవసాయాన్ని మినహాయించాయి. నగర వినియోగదారునికి కోత కాక సూచన, ధర ఎదురవుతున్నాయి. రైతుకు ఆ ఎంపిక దొరకలేదు.

7. ముగింపు:
సౌర విద్యుత్తు రాకతో చవకైన వేళ రాత్రి నుండి మధ్యాహ్నానికి మారింది. పగటి సరఫరా ఇప్పుడు రైతు ప్రాణానికీ, సాయంత్రపు గ్రిడ్‌కూ మేలు చేస్తుంది. ఈ రెండు ప్రయోజనాలు కలిసిన సందర్భం గత చరిత్రలో అరుదు. వంతుల కాలపు సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులను, రైతుల, లైన్‌మన్ల మౌఖిక కథనాలను సేకరించి భద్రపరిస్తే, ఈ పొదుపు ఎవరి రాత్రుల నుండి వచ్చిందో చరిత్రకారులు నిర్ధారించగలుగుతారు.