కంటి కణాల్లో వర్ణక రేణువుల చలనం

జంతువుల కంట్లో వెలుగును పీల్చుకునే ముదురు రంగు రేణువులు చాలా జాతుల్లో ఒకేచోట నిలిచి ఉండవు. కణం తన స్థానంలోనే ఉంటుంది, దాని లోపలి రేణువులు మాత్రం వెలుతురును బట్టి ఒక కొస నుంచి మరో కొసకు జరుగుతాయి. చేప, కప్ప, పక్షి, రొయ్య, శలభం, ఈగ ఇలా ఒకదానికొకటి దూరమైన జీవుల్లో ఈ చలనం నమోదైంది. పాఠ్యగ్రంథాలు వీటన్నిటినీ ఒకే శీర్షిక కింద చేర్చి, వెలుతురుకు కన్ను అలవాటుపడే ఒకే విధానంగా చెబుతూ వచ్చాయి. ఆధారాలను వరుసగా పేర్చి చూస్తే ఆ చిత్రం నిలవదు. చేసే పని అన్నిచోట్లా దాదాపు ఒకటే. కానీ రేణువులను కదిలించే సంకేతం, మోసుకుపోయే యంత్రాంగం జంతువు జంతువుకూ వేరు. కొన్ని జీవుల్లో ఒకే కంట్లోని రెండు రకాల కణాల మధ్య కూడా వేరే.

సకశేరుకాల చరిత్ర కప్పతో మొదలవుతుంది. రోమ్‌లో ఫ్రాంజ్ బాల్, హైడెల్‌బర్గ్‌లో విల్లీ క్యూనె 1876-78 మధ్య రెటీనాలోని ఎర్రని దృష్టి వర్ణకాన్ని పరిశీలిస్తున్నప్పుడే రెటీనా వెనుకనున్న వర్ణక ఉపకళ మీదా వారి చూపు పడింది. చలనాన్ని మొదట గుర్తించిన ఘనత ఎవరిదన్న విషయంలో గ్రంథాలు ఏకాభిప్రాయంతో లేవు. వివరంగా రాసింది క్యూనె అనుకోవడం సబబు. చీకట్లో ఉంచిన కప్ప కన్ను కోస్తే రెటీనా వెనుక పొర నుంచి శుభ్రంగా ఊడివస్తుంది. వెలుతురులో ఉంచిన కప్పలో అది అంత తేలిగ్గా విడిపోదు, నల్లని పొరను అంటించుకునే వస్తుంది. ఉపకళ కణాలకు రెటీనా వైపు సన్నని పోగుల్లాంటి పొడిగింపులు ఉంటాయి. వెలుతురులో రేణువులు వాటిలోకి చేరి, మసక వెలుగులో చూసే దండకణాల చుట్టూ నిండుతాయి. చీకట్లో కణం అడుగుకు తిరిగివస్తాయి.

అస్థిచేపల్లో ఇది మరింత స్పష్టం. అక్కడ రేణువులతోపాటు దండకణాలు, పగటి వెలుగులో చూసే శంకుకణాలు కూడా పరస్పరం వ్యతిరేక దిశల్లో జరుగుతాయి. పగలు శంకువులు కురచై వెలుగు వచ్చే వైపు చేరతాయి, దండాలు సాగి రేణువుల మధ్య దాక్కుంటాయి. రాత్రి ఇదంతా తలకిందులవుతుంది. పూర్తి మార్పుకు అరగంట నుంచి గంట దాకా పడుతుంది. దీని ప్రయోజనం గురించి గోర్డన్ వాల్స్ 1942 నాటి తన గ్రంథంలో చెప్పిన వాదన ఇప్పటికీ బలమైనదే. చాలా అస్థిచేపల్లో కంటిపాప పెద్దగా ముడుచుకోదు కాబట్టి వెలుతురును తగ్గించే పని రేణువులపై పడింది. కంటిపాప చురుగ్గా పనిచేసే క్షీరదాల్లో రేణువుల చలనం నామమాత్రం. పక్షులు ఈ లెక్కకు లొంగవన్నది న్యాయమైన ఆక్షేపణ. వాటి కంటిపాప ఎంతో వేగంగా ముడుచుకుంటుంది, అయినా రేణువులూ కదులుతాయి. అయితే కంటిపాప స్పందన క్షణాల వ్యవహారం, రేణువులది నిమిషాల వ్యవహారం. ఒకటి తక్షణ మార్పులకు, మరొకటి పగలూ రాత్రీ మధ్య మార్పుకు ఉపయోగపడవచ్చు. కనుక వాల్స్ సూత్రాన్ని కొట్టివేయడం కన్నా, దాన్ని మినహాయింపులున్న ధోరణిగా చదవడం మేలు.

సంకేతం దగ్గరికి వస్తే, వెలుగు తగిలిన రేణువే కదులుతుందన్న సాదా ఊహ మొదట్లోనే సందేహంలో పడింది. ఒక కంటిపై వెలుగు పడితే మూసి ఉంచిన రెండో కంట్లోనూ స్పందన కనిపించిందని ఎంగెల్‌మన్ 1885లో రాశాడు. తరువాత ప్రయత్నించిన అందరికీ అదే ఫలితం రాలేదు, కనుక ఆ వాదాన్ని జాగ్రత్తగానే తీసుకోవాలి. బెత్ బర్న్‌సైడ్ బృందం చేపలపై 1980లలో చేసిన పని దీనికన్నా గట్టి పునాది వేసింది. వర్ణక ఉపకళ కణాల్లో సైక్లిక్ ఏఎంపీ పెరిగితే రేణువులు చీకటి స్థానానికి చేరతాయి. డోపమైన్ తగిలితే వెలుతురు స్థానానికి వెళ్తాయి. రెటీనా నుంచి వేరుచేసిన ఉపకళకు వెలుగు ఒక్కటే చాలదు. అంటే అక్కడ వెలుగును గ్రహించేది ఒక కణం, రేణువులను కదిలించేది మరొక కణం, వాటి మధ్య రసాయన సందేశం. మోసే యంత్రాంగమూ ఊహించినది కాదు. చేప చర్మంలోని రంగుకణాల్లో రేణువులు సూక్ష్మనాళికల వెంట నడుస్తాయి కాబట్టి కంట్లోనూ అంతే అనుకున్నారు. కానీ సూక్ష్మనాళికలను మందులతో చెదరగొట్టినా ఉపకళలో చలనం ఆగలేదు. ఆక్టిన్ తంతువులను దెబ్బతీస్తే ఆగింది. ఒకే చేప శరీరంలో చర్మానికి ఒక మార్గం, కంటికి మరొకటి.

ఇక కీటకాలు, రొయ్యల వంటి జీవులకుండే సంయుక్త నేత్రాల విషయంలో మూలగ్రంథం వియన్నాకు చెందిన సిగ్మండ్ ఎక్స్‌నర్ 1891లో వెలువరించినది. రాత్రిపూట ఎగిరే శలభం కంటిపై చీకట్లో దీపం పడితే ఆ కన్ను నిప్పుకణికలా మెరుస్తుంది. వెలుతురు అలాగే ఉంచితే కొన్ని నిమిషాల్లో ఆ మెరుపు మాసిపోతుంది. చీకట్లో పైభాగాన ముడుచుకుని ఉన్న రేణువులు కిందికి దిగి, పక్క కటకాల నుంచి అడ్డంగా వచ్చే కిరణాలను ఆపేయడమే ఇందుకు కారణం. ఈ ఒక్క మార్పుతో కంటి సున్నితత్వం వంద నుంచి వెయ్యి రెట్ల దాకా తగ్గుతుందని తరువాతి విద్యుత్ కొలతలు సూచించాయి. పూర్తి చీకట్లో ఉంచిన శలభం కంట్లోనూ పగలూ రాత్రీ లయ కొనసాగిందని కీజెల్ 1894లోనే నివేదించాడు. అంటే ఇక్కడ వెలుగుతోపాటు శరీరపు గడియారానికీ పాత్ర ఉంది.

రొయ్యల కన్ను ఈ వ్యాసపు వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. పైనున్న దూర వర్ణక కణాలకు ఆదేశం రక్తం ద్వారా అందుతుంది. వెలుతురులో ఉంచిన రొయ్యల కంటికాడల సారాన్ని చీకట్లోని పాలిమోనెటిస్ రొయ్యలకు ఎక్కించినప్పుడు, వాటి రేణువులు వెలుతురు చూడకుండానే వెలుతురు స్థానానికి చేరాయని క్లైన్‌హోల్జ్ 1936లో చూపాడు. ఆ హార్మోను 18 అమైనో ఆమ్లాల గొలుసని 1976లో ఫెర్న్‌లండ్ తేల్చాడు. దానికి దగ్గరి బంధువైన పెప్టైడే పండ్ల ఈగ మెదడులో రోజువారీ గడియారపు సందేశవాహకంగా పనిచేస్తుంది. ఈ హార్మోను నిల్వ ఉండే కంటికాడలోని గ్రంథే గుడ్ల ఎదుగుదలను అణచే మరో హార్మోనునూ విడుదల చేస్తుంది. ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కంటికాడ తీసేయడం ఈ రెండో హార్మోనును తగ్గించడానికే. ఇక అదే కంట్లో లోపలి వైపునున్న కాంతిగ్రాహక కణాల రేణువులు ప్రధానంగా తమపై పడే వెలుగుకే స్పందిస్తాయి. ఒకే కన్ను, ఒకే రకం చలనం, రెండు వేర్వేరు ఆదేశాలు.

ఈగ కంట్లో దూరాలు మరీ చిన్నవి. కాంతిగ్రాహక కణంలో వెలుగును నడిపించే రాబ్డోమియర్ వెడల్పు మైక్రాన్ అటూ ఇటూ. అంత సన్నని దారిలో వెలుగు పూర్తిగా లోపలే ఇమడదు, కొంత గోడ దాటి బయటికి ఒలుకుతుంది. వెలుతురు పెరిగితే రేణువులు ఆ గోడ పక్కకు చేరి, ఒలికిన వెలుగును పీల్చేస్తాయి. ఈ ఏర్పాటును కిర్ష్‌ఫెల్డ్, ఫ్రాంచెస్కీని 1969లో వివరించారు. మొత్తం కొన్ని సెకన్ల పని. వెలుగు తగిలిన కణంలోకే కాల్షియం ప్రవేశించి మయోసిన్-5 అనే మోటారు ప్రోటీన్‌ను మేల్కొలుపుతుందని 2008లో పండ్ల ఈగ (డ్రోసోఫిలా)పై పరిశోధన చూపింది. హార్మోను లేదు, పక్క కణం సందేశం లేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఈగలో మయోసిన్-5కు తోడుగా రాబ్ కుటుంబ ప్రోటీన్ ఒకటి పనిచేస్తుంది. చిట్టెలుక వర్ణక ఉపకళలోనూ రాబ్27ఏ, మయోసిన్-7ఏ కలిసి రేణువులను పట్టుకుంటాయి. ఇంత పోలిక ఉంటే అన్నిటి మూలం ఒకటే అనరాదా? రేణువులను మోసే పనిముట్లు ఒకే పాత పెట్టెలోవన్న మాట నిజమే. కానీ ఆ పెట్టె కంటిది కాదు. కణాల్లో రకరకాల సరుకును చేరవేసే పనిముట్లవి. అందులోంచి ఎంచుకున్న మోటారు వేరు, దాన్ని నడిపే సంకేతం వేరు, రేణువులోని రంగు కూడా వేరు: సకశేరుకాల్లో మెలనిన్, ఈగల్లో ఆమ్మోక్రోములు, టెరిడిన్లు. పనిముట్లు ఉమ్మడివైనంత మాత్రాన వెలుతురుకు స్పందించే ఏర్పాటు ఉమ్మడి వారసత్వం అనడానికి ఆధారం చాలదు. ఒకే అవసరానికి వేర్వేరు వంశాలు విడివిడిగా చేరుకున్న పరిష్కారాలుగా చూడటమే సాక్ష్యానికి దగ్గరగా ఉంది.

ఈ తేడా మానవ వైద్యానికీ ముఖ్యం. మయోసిన్-7ఏ దెబ్బతిన్న షేకర్-1 చిట్టెలుకల్లో మెలనిన్ రేణువులు ఉపకళ పొడిగింపుల్లోకి చేరవని 1998లో తేలింది. మనుషుల్లో అదే జన్యువు లోపిస్తే పుట్టుచెవుడు, క్రమంగా చూపు మందగించడం కలిసివచ్చే అషర్ సిండ్రోమ్ 1బి వస్తుంది. అయితే ఆ ప్రోటీన్‌కు కంట్లో వేరే పనులూ ఉన్నాయి, మనిషి కంట్లో చేపలోలాంటి రేణు చలనమూ లేదు. కనుక చూపు పోవడానికి రేణువుల స్థానభ్రంశమే కారణమని చెప్పడం తొందరపాటు. వర్ణక రేణువుల గురించి ఏ వాక్యం రాసినా ఏ జంతువు, ఏ కణం, ఏ సంకేతం, ఏ మోటారు అన్న నాలుగూ చెప్పాలి. ఇవి లేని సాధారణీకరణ ఎంత పాత గ్రంథంలో ఉన్నా దాన్ని మళ్ళీ పరీక్షించాల్సిందే.