ఆ నల్లగీతల వెనుక 26 ఏళ్లు

1974 జూన్ 26. అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణం. ఉదయం ఎనిమిది దాటి ఒక్క నిమిషం. మార్ష్ సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో షారన్ బుకానన్ సిద్ధంగా ఉన్నారు. ఆమె ముందు ఒక గాజు పలక, దాని కింద లేజర్ కాంతి. అరల్లోని వందలాది వస్తువులకు సిబ్బంది ముందురోజు రాత్రే నల్లగీతల స్టిక్కర్లు అంటించారు. మొదటి కొనుగోలుదారు క్లైడ్ డాసన్ బయటివారేమీ కాదు, ఆ కంపెనీలోనే పరిశోధన విభాగం చూస్తున్న అధికారి. ఆయన అందించిన రిగ్లీ జ్యూసీ ఫ్రూట్ చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను షారన్ గాజు మీదుగా జరిపారు. యంత్రం మీద 67 సెంట్లు అని ధర పడింది. ఎవరూ ఒక్క మీటా నొక్కలేదు.

ప్రపంచంలో ఈ నిలువు గీతల బార్‌కోడ్‌తో జరిగిన తొలి అమ్మకంగా అది చరిత్రకెక్కింది. అంతవరకు ప్రతి డబ్బా మీదా ధర చీటీ అంటించాల్సిందే. దాన్ని చూసి క్యాషియర్ అంకెలు నొక్కాల్సిందే. అరలో ఏ సరుకు ఎంత మిగిలిందో తెలియాలంటే ఒక మనిషి వెళ్లి లెక్కపెట్టాలి. ఒక్కోసారి సరుకు పూర్తిగా నిండుకున్నాక గానీ సంగతి తెలిసేది కాదు. ఈ బాధ తీరడానికి 26 ఏళ్లు పట్టింది.

1948లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యాసంస్థకు ఫుడ్ ఫెయిర్ అనే కిరాణా దుకాణాల సంస్థ అధ్యక్షుడు వచ్చారు. బిల్లు వేసేటప్పుడే వస్తువు వివరాలు వాటంతటవే నమోదయ్యే పద్ధతి కనిపెట్టి పెట్టమని డీన్‌ను అడిగారు. డీన్ ఒప్పుకోలేదు. ఆ మాటలు బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి చెవిన పడ్డాయి. అతను వెళ్లి మిత్రుడు నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్‌కు చెప్పాడు. ఇద్దరూ మొదట అతినీలలోహిత కాంతిలో మెరిసే సిరాతో ప్రయత్నించారు. ఆ సిరా వెలిసిపోయేది, ఖర్చూ ఎక్కువ.

వుడ్‌లాండ్ చదువూ కొలువూ వదిలేసి మయామీ బీచ్‌లోని తాతగారింటికి చేరాడు. 1949 జనవరిలో ఒకరోజు సముద్రపు ఒడ్డున కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాడు. చిన్నప్పుడు స్కౌట్స్‌లో నేర్చిన మోర్స్ కోడ్ గుర్తొచ్చింది. ఇసుకలో చుక్కలు, గీతలు పెట్టి, వేళ్లతో వాటిని కిందికి లాగాడు. సన్నవీ లావువీ నిలువు గీతలు తేలాయి. ఏ వైపు నుంచైనా చదవగలిగేలా తర్వాత ఆ గీతలనే వలయాలుగా మార్చాడు. 1952 అక్టోబరు 7న మిత్రులిద్దరికీ పేటెంట్ వచ్చింది.

పేటెంట్ అయితే వచ్చింది గానీ దాన్ని వాడే దారే లేదు. వాళ్లు తయారుచేసిన యంత్రం బల్లంత ఉండేది. అందులోని 500 వాట్ల బల్బు వేడికి కాగితమే కమిలిపోయేది. చౌకగా దొరికే లేజర్, దుకాణంలో పట్టే కంప్యూటర్ అప్పటికింకా పుట్టలేదు. 1962లో పేటెంట్‌ను ఫిల్కో కంపెనీకి 15,000 డాలర్లకు అమ్ముకున్నారు. మరుసటి ఏడాదే సిల్వర్ కన్నుమూశాడు. వయసు 38. అతను విన్న మాటలోంచి పుట్టిన ఆలోచన దుకాణంలో అక్కరకు రావడం చూసే భాగ్యం అతనికి దక్కలేదు.

ఈ కథ మలుపు తిరిగింది ప్రయోగశాలలో కాదు, వ్యాపారుల సమావేశ గదిలో. ఒక్కో దుకాణం ఒక్కో గుర్తు పెట్టమంటే సబ్బుల కంపెనీ ఎన్ని రకాల పెట్టెలు అచ్చువేస్తుంది? దేశమంతటికీ ఒకే సంఖ్య, ఒకే గుర్తు ఉంటేనే పని జరుగుతుంది. 1970లో సరుకు తయారుచేసేవారూ అమ్మేవారూ కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. బజారులో ఒకరితో ఒకరు పోటీపడేవాళ్లే ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. గుర్తును ఎంపిక చేసే కమిటీకి అలన్ హేబర్‌మన్ సారథి.

1972లో సిన్సినాటిలోని క్రోగర్ దుకాణంలో వలయాల గుర్తును పరీక్షించి చూశారు. అచ్చువేసేటప్పుడు సిరా అలుక్కుపోతే ఆ వలయాలను యంత్రం చదవలేకపోయేది. ఐబీఎం ఇంజినీరు జార్జ్ లారర్ నిలువు గీతలతో కొత్త గుర్తు గీశాడు. అచ్చు యంత్రం నడిచే దిశలోనే గీతలుంటే, సిరా సాగినా గీత పొడుగవుతుందే తప్ప లావు కాదు. వుడ్‌లాండ్ కూడా అప్పటికి ఐబీఎంలోనే ఉన్నాడు. 1973 ఏప్రిల్ 3న కమిటీ ఈ గీతలనే ఖాయం చేసింది. అవే ఏడాది తిరిగాక ట్రాయ్‌లోని చూయింగ్ గమ్ ప్యాకెట్ మీదికి చేరాయి.

కష్టాలు అక్కడితో తీరలేదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదన్నట్టు తయారైంది వ్యవహారం. సరుకుల మీద గీతలుంటేనే స్కానర్లు కొంటామని దుకాణాలు, స్కానర్లుంటేనే గీతలు అచ్చువేస్తామని కంపెనీలు ఎదురుచూస్తూ కూర్చున్నాయి. కొలువులు పోతాయని కార్మిక సంఘాలు భయపడ్డాయి. ప్యాకెట్ మీద ధర లేకపోతే మోసపోతామని వినియోగదారులు నిలదీశారు. ఈ రెండో భయంలో న్యాయముంది. అందుకే కొన్ని రాష్ట్రాలు ప్రతి వస్తువు మీదా ధర ఉండి తీరాలని చట్టాలు చేశాయి. 1976లో బిజినెస్ వీక్ పత్రిక ఈ స్కానర్ విఫలమైందనే రాసేసింది.

1980ల్లో పెద్ద దుకాణాల గొలుసులు ముందుకు రావడంతో ముడి విడిపోయింది. 1987 నాటికి వాల్‌మార్ట్ సొంత ఉపగ్రహ వ్యవస్థతో తన దుకాణాలను కేంద్ర కార్యాలయానికి కలిపింది. కౌంటర్‌లో ఏ వస్తువు ఎంత అమ్ముడైందో గోదాముకూ, చివరికి తయారీదారుకూ తెలియసాగింది. ఊహించి సరుకు పంపే రోజులు పోయి, అమ్మకాన్ని చూసి సరుకు పంపే రోజులు వచ్చాయి. బార్‌కోడ్ చేసిన అసలు మేలు ఇదే. బిల్లు త్వరగా రావడం పైకి కనిపించే లాభం మాత్రమే.

1994లో జపాన్‌లో టయోటా అనుబంధ సంస్థ డెన్సో కారు విడిభాగాల జాడ తెలుసుకోవడానికి క్యూఆర్ కోడ్ తెచ్చింది. మన దేశంలో బార్‌కోడ్ సంఖ్యలు కేటాయించే జీఎస్1 ఇండియా 1996లో ఏర్పడింది. మనం కొనే ప్యాకెట్ల మీద 890తో మొదలయ్యే సంఖ్యలు ఈ సంస్థ కేటాయించినవే.

ఇప్పుడు ఈ కోడ్‌లు మందుల దాకా వచ్చాయి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. స్కాన్ చేస్తే మందు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, లైసెన్స్ సంఖ్య కనిపించాలి. నకిలీ మందును పట్టుకోవడానికి మామూలు మనిషి చేతికి అందిన సాధనమిది.

అయితే 1974 తర్వాత జరిగిందే ఇక్కడా జరగవచ్చు. సరఫరా గొలుసులో ఒక్కరు వాడకపోయినా గీత ఉత్త గీతగానే మిగిలిపోతుంది. కంపెనీ అచ్చువేసినా, దుకాణం అమ్మినా, కొన్నవారు చూడకపోతే దాని పని సగమే అయినట్టు. సరఫరా గొలుసు దుకాణం గుమ్మం దగ్గర ఆగిపోదు, మన చేతిలోకి వచ్చి ముగుస్తుంది. ఈసారి అమ్మకో నాన్నకో మందులు కొన్నప్పుడు పెట్టె మీది కోడ్‌ను ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేయండి. తెర మీది బ్యాచ్ సంఖ్యను షీటు మీది సంఖ్యతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే ఆ మందు వాడకండి, బిల్లుతో సహా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.