గోల్ఫ్ కర్రల ఎంపిక

గోల్ఫ్ ఆటలో బంతిని కొట్టు సాధనమును ఆటగాండ్రు క్లబ్బనియు, మన ప్రాంతమున కర్ర యనియు వ్యవహరింతురు. బంతిని తాకు తల, పొడవైన కామ, చేతికి పట్టునిచ్చు రబ్బరు తొడుగు దీని యంగములు. పూర్వము హికరీ దారువుతో చేసిన కామల స్థానమున ఉక్కు కామలను అమెరికా గోల్ఫ్ సంఘము 1924లోను, బ్రిటనులోని సెయింట్ ఆండ్రూస్ సంఘము 1929లోను అంగీకరించినవి. ఒక్కొక్కరు 14 కర్రలకు మించి సంచిలో ఉంచరాదను నియమము 1938లో అమెరికాలో అమలయ్యెను. ఆ 14 గరిష్ఠ పరిమితియే గాని ప్రతివాడును పూరింపవలసిన సంఖ్య కాదు. 1916లో చిక్ ఎవాన్స్ అమెరికా ఓపెన్ పోటీని ఏడు కర్రలతోనే గెలిచెను.

క్రొత్తగా నేర్చువానికి దూరము కొట్టుటకు ఒక వుడ్డు, పలుచని లోహపుతల గల రెండు మూడు ఐరన్లు, ఆ రెంటికి నడిమిదగు ఒక హైబ్రిడ్డు, ఇసుకగుంత నుండి బంతిని లేపు సాండ్ వెడ్జి, రంధ్రములోనికి బంతిని దొర్లించు పుట్టరు చాలును. కర్ర ముఖపు వాలు హెచ్చినకొలది బంతి పైకి లేచి తక్కువ దూరము పోవును. కావున వుడ్లలో మిక్కిలి దూరము కొట్టు డ్రైవరును కొనదలచినచో, బంతి సులభముగా లేచుటకై తొమ్మిది డిగ్రీలది విడిచి, పదిన్నర మొదలు పండ్రెండు డిగ్రీల వరకు వాలు గలది కొనుట క్షేమము. ఐరన్లలో వెనుకభాగము బోలుగా నుండి, బరువు అంచులకు పంచబడిన క్యావిటీబ్యాక్ తలలు, బంతి నడిమిభాగమునకు తగులకపోయినను దూరమును, దిక్కును అంతగా చెడనీయవు. 1959లో పింగ్ సంస్థను స్థాపించిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఈ పద్ధతికి ప్రాచుర్యము కల్పించినవారిలో ప్రముఖుడు. వెనుక బోలు లేని బ్లేడు ఐరన్లు చేయి కుదిరిన వారికే తగును.

ధనము వెచ్చింపవలసిన చోటు తల కాదు, కామ. పామర్రు చుట్టుపట్ల రైతు పారకు కామ వేయించునపుడు తన యెత్తును, చేతిబారును, నడుము వంగు తీరును చూచుకొనునే గాని పొరుగువాని కొలతను తెచ్చుకొనడు. గోల్ఫ్ కర్రకును ఇదే న్యాయము. డ్రైవరును గంటకు 85 మైళ్ళకు లోపు వేగముతో త్రిప్పువారికి మెత్తని కామయు, 95 వరకు రెగ్యులర్ కామయు, అటుపైని గట్టి కామయు సాధారణముగా తగును. గట్టి కామను బలహీనుడు పట్టినచో, కుడిచేతివాటము వానికి బంతి తరచుగా కుడివైపునకు తొలగును. కొలత తీయించుకొనుటకు వ్యయించిన రూప్యము, నూతన నమూనాకు వ్యయించిన దానికంటె నిస్సందేహముగా ఎక్కువ ఫలమిచ్చును.

పార్, అనగా నిర్ణీత దెబ్బల సంఖ్య, 72 గల పదునెనిమిది రంధ్రముల క్షేత్రమున, రంధ్రమునకు రెండు చొప్పున 36 దెబ్బలు పుట్టరుకే లెక్కింపబడును. అయినను డ్రైవరు మీద మోహముతో పుట్టరును అలక్ష్యము చేయుట తరచుగా కనబడు లోపము.

మన దివిసీమ, గుడివాడ, బందరు ప్రాంతముల నుండి అమెరికా చేరిన కుటుంబములు అనేకములు. వారు తిరిగివచ్చునపుడు తెచ్చు పాతకర్రలు తక్కువ వ్యయముతో ఆరంభించుటకు మంచి మార్గము. అవి కుడిచేతివాటమువియో ఎడమచేతివాటమువియో, కామ పొడవు తగునో లేదో ముందుగా చూచుకొనవలెను. ఐరన్లు పదేండ్లవి యైనను పనికివచ్చును, వెడ్జి ముఖముపై గాడులు అరిగినచో మాత్రము విడువవలెను. తొడుగు మార్చుట స్వల్పవ్యయము. కొనుటకు ముందు 1884 నాటి విశాఖపట్నపు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో గాని, గోల్కొండ నయాఖిల్లాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బులో గాని పరిచితుల కర్రలతో పదిబంతులు కొట్టి చూచుట మేలు. ఆ విశాఖలోనే జన్మించి బాల్యమున కెనడా చేరిన సుదర్శన్ యెల్లమరాజు, గురువు లేకయే యూట్యూబు చూచి నేర్చి, 2025 జనవరిలో బహామాస్‌లో కార్న్ ఫెర్రీ టూర్ పోటీని గెలుచుట తెలుగువారికి ఆనందదాయకము.

సముద్రపుగాలి తగులు మన డెల్టాలో పూత లేని ఉక్కుతలలు త్వరగా తుప్పుపట్టును. ఆట ముగిసినంతనే తలలను పొడిగుడ్డతో తుడిచి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో సంచిని వదలక, ఇంటిలో నీడపట్టున ఉంచవలెను; వేడికి రబ్బరు తొడుగులు గట్టిపడి, చెమటచేతికి జారును.