చక్కెర అందని కండరాలు: గ్లైకోజన్ వ్యాధులు, కీటోన్ ఆహారం

తిన్న అన్నం, రొట్టె రక్తంలో గ్లూకోజుగా మారాక, అప్పటికప్పుడు అక్కర్లేని భాగాన్ని శరీరం గ్లైకోజన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి 400 గ్రాముల దాకా ఈ నిల్వ ఉంటుంది. దీన్ని పోగేయడానికి, విడదీసి వాడుకోవడానికి కావలసిన ఎంజైముల్లో ఏదో ఒకటి పుట్టుకతోనే లోపిస్తే వచ్చేవి గ్లైకోజన్ నిల్వ వ్యాధులు. వీటిలో కొన్ని కాలేయానికి, కొన్ని కండరాలకు, కొన్ని రెంటికీ వస్తాయి. సొంత నిల్వను వాడుకోలేని కండరాన్ని కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లతో నడిపించవచ్చా అని వైద్యులు కొంతకాలంగా పరీక్షిస్తున్నారు. జవాబు మాత్రం ఒక్కో రకం జబ్బుకు ఒక్కో తీరుగా వస్తోంది.

నిజామాబాద్ జిల్లాకు చక్కెర కొత్త సంగతి కాదు. 1923లో మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు బోధన్ చుట్టూ చెరుకు పండించాయి. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు కొట్టి, కట్టలు కట్టి, నెత్తిన మోసి బండికెత్తే పని ఎంత బరువో ఇక్కడి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కండరాలకు వచ్చే గ్లైకోజన్ వ్యాధుల్లో ఒకటైన మెకార్డిల్ వ్యాధి ఉన్న మనిషి అలాంటి పనికి దిగితే నాలుగు కట్టలు మోసేలోపే చేతులు, పిక్కలు బిగుసుకుపోతాయి. మొండిగా పని సాగిస్తే కండరం చితికి, మర్నాటికి మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. ఆ రంగు కండరం నుంచి రక్తంలోకి జారిన మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. అది మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

ఈ జబ్బును 1951లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు బ్రయన్ మెకార్డిల్ వివరించాడు. ఆయన పరీక్షించిన 30 ఏళ్ల యువకుడికి చిన్నప్పటి నుంచీ ఏ కాస్త శ్రమ చేసినా కండరాల నొప్పే. మామూలు మనిషి చేతికి గట్టి పని చెబితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది; ఇతనికి పెరగలేదు. కండరం తన గ్లైకోజన్‌ను ముట్టుకోలేకపోతోందని మెకార్డిల్ తేల్చాడు. గాదె నిండా వడ్లుండి తాళంచెవి పోయిన ఇంటి పరిస్థితి ఇది. లోపించిన ఎంజైము ఫాస్ఫోరిలేజ్ అని 1959లో తేలింది. ఇది అరుదైన జబ్బు. లక్ష మందిలో ఒకరికి ఉండవచ్చని ఒక అంచనా.

ఈ కథలో ఒక తెలుగువాడి పాలు కూడా ఉంది. కండరం లాక్టిక్ ఆమ్లం వల్లే కదులుతుందని 1920ల్లో శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ రంగంలో పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి కూడా దక్కింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టాక ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. పని మొదలైన తొలి క్షణాల్లో కండరానికి తక్షణ శక్తినిచ్చేది ఈ పదార్థమే. 1981లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మెకార్డిల్ వ్యాధి అనుమానం ఉన్న రోగి చేతిని అయస్కాంత పరికరంలో ఉంచి, కోత పెట్టకుండానే లోపలి ఫాస్ఫోక్రియాటిన్‌ను కొలిచారు. అది వేగంగా కరిగిపోయింది, కండరంలో ఆమ్లం మాత్రం పెరగలేదు. సుబ్బారావుకు నోబెల్ రాలేదని మనవాళ్లు తరచూ బాధపడతారు. ఆయన కనిపెట్టిన పదార్థం ఇలా రోగనిర్ధారణకు పనికొచ్చిన సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు.

మెకార్డిల్ రోగుల్లో ఒక వింత కనిపిస్తుంది. నొప్పి మొదలవగానే ఆగిపోకుండా నెమ్మదిగా నడక సాగిస్తే ఎనిమిది, పది నిమిషాలకు గుండె దడ తగ్గి, నడక తేలికవుతుంది. వైద్యులు దీన్ని ‘సెకండ్ విండ్’ అంటారు. ఆ సమయానికి కాలేయం వదిలిన గ్లూకోజు, కొవ్వు ఆమ్లాలు రక్తం ద్వారా కండరానికి చేరతాయి. తాళం పడింది కండరం సొంత నిల్వకే. రక్తంలోంచి వచ్చే గ్లూకోజుకు దారి తెరిచే ఉంటుంది. అలాంటప్పుడు ముందే చక్కెర తాగిస్తే? 2003లో కోపెన్‌హాగన్‌కు చెందిన విసింగ్, డల్లస్‌కు చెందిన హాలర్ 12 మంది రోగులకు వ్యాయామానికి అరగంట ముందు 75 గ్రాముల చక్కెర కలిపిన పానీయం ఇచ్చారు. మొదటి నిమిషాల అవస్థ చాలావరకు తప్పింది. ఐదు నిమిషాల ముందు 37 గ్రాములు ఇచ్చినా పని జరుగుతుందని 2008లో మరో అధ్యయనం చూపింది. అయితే 75 గ్రాములంటే దాదాపు 300 కేలరీలు. రోజూ మెట్లెక్కే ముందల్లా ఇలా తాగితే ఒళ్లు పెరుగుతుంది, షుగరు వచ్చే భయమూ ఉంటుంది.

కీటోన్ల ఆలోచన ఇక్కడే వచ్చింది. పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచితే కాలేయం కొవ్వు ఆమ్లాల నుంచి అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ అనే కీటోన్లను తయారు చేస్తుంది. తాను తయారు చేసినవాటిని కాలేయం వాడుకోలేదు. గుండె, మెదడు, కండరాలు వాడుకుంటాయి. కండరంలో వీటికి గ్లైకోజన్‌తో నిమిత్తం లేదు. కానీ ఆక్సిజన్ లేనిదే ఇవి మండవు. కాబట్టి ఒక్క ఊపున బరువెత్తే పనికి, పరుగు పందేనికి ఇవి అక్కరకు రావు. నిలకడగా సాగే నడకకు, సైకిలు తొక్కడానికి ఉపయోగపడవచ్చు.

2005లో జర్మన్ వైద్యులు ఒక మెకార్డిల్ రోగికి ఏడాదిపాటు కీటోన్ ఆహారం ఇచ్చి, శ్రమను తట్టుకునే శక్తి పెరిగిందని రాశారు. అది ఒక్క మనిషి అనుభవమే. డెన్మార్క్ పరిశోధకులు ఆ తర్వాత మరింత పద్ధతిగా పరీక్షలు చేస్తున్నారు. వాళ్లే కీటోన్ ఎస్టర్ అనే తయారీ పానీయాన్ని నేరుగా తాగించి చూసి, వ్యాయామ సామర్థ్యం ఏమీ పెరగలేదని 2022లో ప్రకటించారు. కీటోన్లు బయటి నుంచి ఒక్కసారిగా వచ్చిపడితే శరీరం గ్లూకోజునూ కొవ్వు ఆమ్లాలనూ రక్తంలోకి వదలడం తగ్గిస్తుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోతుంది. సీసాలో అమ్మే కీటోన్‌కూ, ఆహారం మార్చుకుని ఒంట్లో పుట్టించుకున్న కీటోన్‌కూ ఈ తేడా ఉంది.

జపాన్‌లో తరూయి 1965లో వివరించిన ఏడో రకం గ్లైకోజన్ వ్యాధి మెకార్డిల్ వ్యాధికి పూర్తిగా ఎదురు. లోపించింది ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్. అడ్డంకి గ్లూకోజు మండే దారి నడుమనే ఉంది కనుక రక్తంలోని గ్లూకోజు కూడా కండరానికి పనికిరాదు. పైగా చక్కెర తాగితే ఇన్సులిన్ పెరిగి, కొవ్వు ఆమ్లాల రాక తగ్గి, ఉన్న ఒక్క ఇంధనమూ పోతుంది. మెకార్డిల్ రోగిని నడిపించిన గ్లాసెడు చక్కెర నీళ్లు తరూయి రోగిని కూలబెడతాయి. ఈ జబ్బులో కీటోన్ ఆహారం ఐదేళ్లపాటు మేలు చేసిన ఒక రోగి సంగతిని ఫిన్లండ్ వైద్యులు 2020లో ప్రచురించారు.

మూడో రకంలో కాలేయం, కండరాలు దెబ్బతింటాయి; కొందరిలో గుండె కండరమూ మందమవుతుంది. 2011లో ఫ్రాన్స్ వైద్యులు రెండు నెలల పసివాడికి కృత్రిమ కీటోన్‌తో పాటు కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం ఇచ్చి, గుండె మెరుగుపడిందని నివేదించారు. పిండిపదార్థం అతిగా ఇస్తే విడదీయడానికి వీల్లేని గ్లైకోజన్ ఇంకా పేరుకుంటుందన్నది ఆ చికిత్స వెనకున్న తర్కం.

మొదటి రకంలో అసలు సమస్య కాలేయానిది: కొన్ని గంటలు తినకపోతే రక్తంలో గ్లూకోజు పడిపోతుంది, కీటోన్లు కూడా అంతగా తయారు కావు. అలాంటి బిడ్డకు పిండిపదార్థం ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. 1984 నుంచీ వీళ్లకు ప్రధాన ఆధారం ఉడకబెట్టని కార్న్‌ఫ్లోర్. కిరాణా కొట్టులో దొరికే తెల్లటి పొడే అది; ఆర్మూర్ వైపు మక్కలు పట్టించిన పసుపు పచ్చని పిండి కాదు. చల్లటి నీళ్లలో కలిపి తాగాలి. వేడి చేస్తే తొందరగా అరిగిపోయి, గంటల తరబడి గ్లూకోజు వదిలే గుణం పోతుంది.

2017 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో రోజుకు 70–100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నీళ్లతో సాగే కీటోన్ ఆహారం తెలుగు పల్లెల దాకా పాకింది. అది బరువు కోసం, షుగరు కోసం మొదలైన పద్ధతి. గ్లైకోజన్ వ్యాధి ఉన్నవాళ్లు దాన్ని అలాగే ఎత్తుకోకూడదు. మెకార్డిల్ రోగికి సైతం అలవాటు పడే తొలి వారాల్లో రక్తంలో గ్లూకోజు తగ్గి శ్రమ మరింత కష్టమవుతుంది. వైద్యుడు, పోషకాహార నిపుణుడు చూసుకోవాల్సిన కాలం అది.

చాలామందిలో జబ్బు ఏళ్ల తరబడి దొరకదు. కండరం చితికినప్పుడు లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరుగుతాయి. రిపోర్టు చూసి లివర్ చెడిందనుకుని, కల్లు మానెయ్యమని సలహా ఇచ్చి పంపే అవకాశం ఉంది, ఆ మనిషి కల్లు ముట్టకపోయినా సరే. అదే రక్తంలో సీకే అనే కండరాల ఎంజైమును కొలిస్తే దారి తెలుస్తుంది. 2013లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల నిజామాబాద్‌లోనే ఉంది; జన్యు పరీక్షకు మాత్రం హైదరాబాద్ వెళ్లాలి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద అక్కడి సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఆ విధానంలో రెండో రకమైన పాంపే వ్యాధికి చోటు దక్కింది, సాయం 50 లక్షల రూపాయల దాకా ఉంటుంది. ఇప్పటిదాకా చెప్పిన రకాలన్నిటిలో తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. మేనరికాలున్న ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. ఒకరిలో జబ్బు తేలితే తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు కాబట్టి, వాళ్లకూ పరీక్ష చేయించమని వైద్యులు చెబుతారు.