గుండె తలుపును చూపించిన ప్రతిధ్వని



మా పిన్నిది దివిసీమలో నాగాయలంక. నేను పుట్టకముందే పోయింది. పదేళ్ళ వయసులో గొంతునొప్పి, జ్వరం వచ్చి, తర్వాత మోకాళ్ళు, మోచేతులు ఒకదాని వెనక ఒకటి వాచాయట. తగ్గిపోయింది, అందరూ మరిచిపోయారు. పెళ్ళయ్యాక నీళ్ళబిందె ఎత్తితే ఆయాసం. పని తప్పించుకోడానికి వేషాలంది అత్తగారు. ఒకచోట చూపిస్తే రక్తం తక్కువని టానిక్కు రాసిచ్చారు. కానుపైన మూడోనాడు ఊపిరాడక పోయింది. అమ్మ ఇప్పటికీ ఆ మాటెత్తితే కొంగు కళ్ళకద్దుకుంటుంది.

గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల తలుపుంటుంది. మైట్రల్ కవాటం అంటారు. చిన్నతనంలో వచ్చే కీళ్ళవాతపు జ్వరం కీళ్ళను వదిలి ఈ తలుపును పట్టుకుంటుంది. రెక్కలు దళసరెక్కి, అంచులు అతుక్కుని, దారి ఇరుకవుతుంది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుండే దారి ఒకటిన్నరకు దిగిందంటే జబ్బు ముదిరినట్టే. గర్భంతో ఉన్నప్పుడు రక్తం పెరుగుతుంది, దారి మాత్రం పెరగదు. ఇక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఇదంతా లోపల జరిగే వ్యవహారం. బయటివాళ్ళకు కనపడేది ఆయాసమొక్కటే.

ఆ రోజుల్లో డాక్టరుకున్న ఆధారం ముఖ్యంగా చెవి. ఆ స్టెతస్కోపైనా ఎలా పుట్టిందనుకున్నారు? 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు. మన ఆడవాళ్ళ సిగ్గు ఒక్కసారి లోకానికి మేలు చేసిందన్నమాట!

1948 నుంచి ఈ కవాటాన్ని విప్పే ఆపరేషన్లు ఊపందుకున్నాయి. అయితే ఎవరికి చెయ్యాలి? తలుపు ఇరుకైనవాళ్ళకు మేలు, తలుపు కారేవాళ్ళకు కీడు. చెవితో విని ఈ రెంటినీ ఖాయంగా విడదీయడం కష్టం. స్వీడన్‌లో లుండ్ ఊరి డాక్టరు ఇంగె ఎడ్లర్‌కి ఇదే బెంగ. ఆయన హెల్‌ముత్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్తను అడిగాడు. ఓడలు కట్టేచోట ఇనుములో పగుళ్ళు వెతకడానికి మనిషి చెవికందని శబ్దం పంపి, దాని ప్రతిధ్వని పట్టే యంత్రం ఉండేది. హెర్ట్స్ మాల్మో ఓడల కర్మాగారం నుంచి దాన్ని ఒక శనాదివారాలు ఎరువు తెచ్చి, తన గుండెమీదే పెట్టుకుని చూశాడు. తర్వాత సీమెన్స్ వాళ్ళు ఒకటి ఎరువిచ్చారు. 1953 అక్టోబరు 29న కదిలే గుండె ప్రతిధ్వనిని మొదటిసారి నమోదు చేశారు. మన గిలకలదిండి మరపడవల వాళ్ళు సముద్రం లోతూ, చేపల గుంపూ చూసుకునే యంత్రమూ ఈ ఉపాయంతోనే నడుస్తుంది. అందులో ఆడుతూ కనిపించిన గీత మొదట ఏమిటో ఎడ్లర్‌కే సరిగా తెలియలేదు. చివరికది మైట్రల్ కవాటపు రెక్కేనని తేలింది. అంటే ఈ విద్య పుట్టగానే చూసింది మా పిన్ని ప్రాణం తీసిన తలుపునేనేమో!

అయితే అది వట్టి గీత. 1971లో రోటర్‌డామ్‌లో నికొలాస్ బామ్ దువ్వెన పళ్ళలా 20 ముక్కలు వరుసగా పేర్చి, కదిలే బొమ్మ చూపించాడు. ఇప్పుడు ఊరూరా తీస్తున్న టూడీ ఎకో ఆ వంశంలోదే. దాని లోటు చెబుతాను వినండి. ఇరుకైన కవాటం గరాటులా ఉంటుంది. గరాటు చివర కోసి కొలిస్తే అసలు దారి తెలుస్తుంది. కాస్త పైన కోసినా, వాలుగా కోసినా దారి వెడల్పుగా ఉన్నట్టే అనిపిస్తుంది. టూడీ అంటే ఒక కోత. ఎక్కడ కోశామన్నది చేతివాటం.

కోతలన్నీ కలిపి నిండు బొమ్మ కుట్టాలని 1970లలోనే ప్రయత్నించారు. కానీ ఒక్కో కోత ఒక్కో గుండెదెబ్బప్పటిది. ఊపిరి కదిలినా, నాడి తప్పినా అతుకులు కుదరవు. మైట్రల్ రోగులకు నాడి తప్పడం మామూలే కదా! శబ్దం శరీరంలో సెకనుకు సుమారు 1540 మీటర్లు వెళ్తుంది. ఎంత వేగమైనా, ఒక్కో గీతా వెళ్ళి తిరిగొచ్చేదాకా ఆగితే గుండె ఆగదు. 1990ల ఆరంభంలో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాన్ రామ్, స్మిత్ ఈ ముడి విప్పారు. ముక్కల్ని ఒక వరుసలో కాక చదరంగం పలకలా అటూ ఇటూ పేర్చారు. ఒక్కసారి శబ్దం పంపి, పక్కపక్కన అనేక గీతల ప్రతిధ్వనుల్ని ఒకేసారి అందుకున్నారు. 2002 నాటికి సుమారు 3000 ముక్కలున్న పలక ఆసుపత్రులకు వచ్చింది. 2007లో గొంతులోంచి దింపే గొట్టం చివరకే ఆ పలక ఇమిడింది. అన్నవాహిక గుండె వెనకనే ఉంటుంది కనక, పై గదిలోంచి కిందికి తొంగి చూసినట్టు, కొట్టుకుంటున్న గుండెలోనే తలుపు కనిపిస్తుంది.

ఇదంతా నాకెందుకు తెలిసిందంటే, మా అక్క కూతుర్ని గుడివాడ ఇచ్చాం. పెళ్ళయిన ఏడాదికి మెట్లెక్కితే రొప్పు. "అమ్మాయికి బలం లేదు, నెల తప్పితే అదే సర్దుకుంటుంది" అన్నారు వియ్యపురాలు. మా అమ్మ ఆ మాట విని వణికిపోయింది. "ముందు గుండె చూపించండే" అని పట్టుబట్టింది. ఒకచోట టూడీలో దారి 1.7 వచ్చింది, ఫరవాలేదన్నారు. పిల్ల ఆయాసం మాత్రం ఫరవాలేదనలేదు. విజయవాడ తీసుకెళ్ళాం. అక్కడ త్రీడీలో గరాటు చివర సరిగ్గా పట్టుకుని కొలిస్తే 1.3.

డాక్టరమ్మగారు నన్ను లోపలికి పిలిచి తెర చూపించారు. రెండు రెక్కలూ అంచుల్లో అతుక్కుని, నడుమ చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. "చేప నోరు అంటామండీ దీన్ని" అన్నారావిడ. బందరుదాన్ని, నాకు వేరే చెప్పాలా! గట్టున పడ్డ చేప నోరు ఎలా కొట్టుకుంటుందో అచ్చం అలాగే ఉంది.

గదిలో రక్తపు గడ్డ లేదని గొంతు గొట్టంతో చూసి, తొడ దగ్గరి నరంలోంచి బెలూను పంపి అతుకు విప్పారు. జపానులో ఇనోవే అనే సర్జన్ 1980లలో కనిపెట్టిన పద్ధతట. ఛాతీ కొయ్యలేదు. తర్వాత కొలిస్తే 2.1.

ఇప్పుడు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షను. క్యాలెండర్లో ఎర్రసిరాతో చుట్టేది వియ్యపురాలే. మొన్న నాగాయలంక వెళ్ళినప్పుడు పిల్ల పిన్ని ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. ఏమీ అనలేదు. తర్వాత పెరట్లోకెళ్ళి, అమ్మ వద్దంటున్నా, నిండు బిందె ఎత్తుకొచ్చి వంటింటి గడప మీద పెట్టింది.